మొదటి గుంజ

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒక గుంజను మోస్తున్నాను. వేపగుంజ. నా భుజమంత ఎత్తు. ఒక ఉదయం దాన్ని నా చేతులతో నేలలో పాతాను. పాతకూడదని తెలిసే పాతాను. ఇంతవరకు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న ఆవిడకు చెప్పలేదు, ఆమె పోయింది. గుడిలో దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా చెప్పలేదు. అక్కడ ఇంకేవో అడిగి వచ్చేసేవాణ్ణి.

నువ్వెవరో నాకు తెలియదు. నీకు తెలుగు చదవడం వచ్చని మాత్రం తెలుసు. మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. కొడుకు తమిళంలో చదివాడు, మనవరాలు ఇంగ్లీషులో చదువుతోంది. నాకు మాత్రం మా నాయన ఇసుకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు. ఆయన నీళ్ళు చూసే మనిషి. తిరుమంగళం పక్క నల్లరేగడి ఊళ్ళలో ఎవరు బావి తవ్వాలన్నా ముందు ఆయనకే కబురు వచ్చేది. ఏ చెట్టు ఎటు వంగితే కింద నీరుంటుంది, ఏ గడ్డి ఎండలో పచ్చగా ఉంటుంది, మట్టిని నాలుక మీద పెట్టుకుంటే ఏ రుచి మంచిది, అన్నీ ఒక నోటుబుక్కులో తెలుగులో రాసి పెట్టాడు. దాని చివర కొన్ని కాగితాలు ఖాళీగా మిగిలాయి. ఇది వాటి మీదే రాస్తున్నాను. ఇంట్లో ఎవరూ చదవలేరన్న ధైర్యంతోనే మొదలు పెట్టాను, ఆ సంగతీ ముందే చెప్పేస్తున్నాను. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా దొంగబుద్ధి పోలేదు చూడు.

ముందు ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు రంగక్క, మా పెద్దమ్మ కూతురు. తుడియలూరు దాటి పడమటికి పోతే, కొండ మొదట్లో ఒక చిన్న ఊరు, అక్కడికి కోడలై వచ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళకు బావ జ్వరంతో పోయాడు. రెండో మనిషి కొండమ్మ, రంగక్క కూతురు. నేను గుంజ పాతిన ఏడు దానికి పదేళ్ళు. ఇప్పుడు నలభై ఎనిమిది. ప్రతి శుక్రవారం నన్ను చూడ్డానికి వస్తుంది, ఆకుకూర కట్ట పట్టుకొని. వచ్చిన ప్రతిసారీ ఏదో మాటలో మాటగా తన తల్లిని తలుచుకొని ఒకటే అంటుంది. "మా అమ్మకు మొండితనం మామా. ఎవురి మాటా వినలే. దాంతోనే పోయె."

ఆ మాట కొండమ్మ సొంతంగా అనుకున్నది కాదు. నా నోట్లోంచి వచ్చింది. అది అబద్ధం.

నాయన పోయాక వానలు మూడేళ్ళు ముఖం చాటేశాయి. ఊళ్ళో పని లేదు. నేను కోయంబత్తూరు వచ్చి మిల్లులో చేరాను, దూది ఏకే కార్డింగులో. పొద్దున సంగు, అదే సైరను, ఊదితే లోపలికి, మళ్ళీ సంగు ఊదితే బయటికి. ఒళ్ళంతా దూది. నీళ్ళు చూసేవాడి కొడుకునని తెలిసి లీవు నాడు జనం నన్ను పిలవడం మొదలు పెట్టారు. నాకూ పొంగు. వేపపుల్ల పట్టుకొని చెప్పుల్లేకుండా పొలాల్లో తిరిగేవాణ్ణి. పుల్ల వంగేది. ఇప్పుడు అడిగితే అది వంగిందో నేనే వంచానో చెప్పలేను. మూడు చోట్ల చూపించాను, మూడు చోట్లా తవ్వారు, మూడు బావులూ వట్టివే. అందులో మూడోది రంగక్కది. అరవై అడుగులు దిగి బండ తగిలింది. మిల్లులో నా పేరే పోయింది. అందరూ వట్టిబాయి అని పిలిచేవాళ్ళు. మేస్త్రి కూడా నవ్వుతూ, "ఏమప్పా వట్టిబాయీ, ఇంట్లో తాగేకన్నా నీళ్ళుండాయా?" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల తల కొట్టేసినట్టుండేది.

రంగక్క మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ బండ తగిలిన నాడు ఆమె ముఖం చూడలేక, పొలం పైగట్టు వైపు చెయ్యి చూపి, "ఆ గట్టు కింద కూడా నీళ్ళుండాయి అక్కా, ఏనాడైనా వస్తాయి" అన్నాను. పుల్ల పట్టలేదు, మట్టి చూడలేదు. పరువు కోసం ఊరికే అన్న మాట. ఆ గట్టు వెనకే కొండ వాలు మొదలవుతుంది. అది గుర్తు పెట్టుకో.

తర్వాతి ఏడు భూమి అదిరింది.

మేము పొద్దుటి షిఫ్టులో ఉన్నాం. మిల్లు ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది కాబట్టి మొదట ఎవరికీ తెలియలేదు. దూలాల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దూది ఒక్కసారిగా కిందికి రాలింది. ఎదుటి మనిషి కనపడలేదు. బెల్టులు జారాయి. ఎవరో "వెళియే వా" అని అరిచారు, అందరం బయటికి పరుగెత్తాం. మిల్లు పొగగొట్టం నిలువునా చీలింది. ఊళ్ళో కొన్ని గోడలు పడ్డాయి, అంతే. అసలు దెబ్బ కొండల మీద. టీ ఎస్టేటు కూలీల లైను ఇళ్ళు కూలిపోయాయి, ఘాటు రోడ్డు మీద ఇల్లంత రాళ్ళు దొర్లి పడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. మనుషుల్ని దుప్పట్లలో వేసి, కొసలు పట్టుకొని, నడకన కిందికి మోసుకొచ్చారు. మిల్లు తరపున బియ్యం మూటలు వేసిన లారీలో నేను కూడా వెళ్ళాను. ఘాటు మొదట్లో మూటలు దింపుతుండగా నా కళ్ళతో ఒకటి చూశాను. ఆ పెద్ద అదురుకు చెక్కుచెదరని వాలు ఒకటి, ఎనిమిది రోజుల తర్వాత, చిన్న తుంపర పడగానే చెట్లతో సహా మెల్లగా జారి రోడ్డు మీద కూర్చుంది. పెద్ద చప్పుడు కూడా లేదు. లారీ డ్రైవరు బీడీ పారేసి, "అదిరినప్పుడు నిలిచిందని నమ్మకూడదు" అన్నాడు. విన్నాను. ఆ వాలు మట్టి పసుపు రంగులో ఉండడం కూడా చూశాను.

తెలియక చేశాననడానికి నాకు వీల్లేదు. అందుకే ఇవన్నీ రాస్తున్నాను.

ఆ తర్వాతి లీవు నాడు రంగక్క ఊరికి పోయాను. ఆమె ఇంటి గోడ మూల నుంచి పైదాకా చీలింది. చెయ్యి పట్టేంత సందు. అప్పుడప్పుడు చిన్న అదురులు వస్తూనే ఉన్నాయి, గిన్నెలు గలగలమనేవి. తల్లీకూతుళ్ళు భయపడి ఎద్దులబండి కింద పడుకుంటున్నారు. కానీ రంగక్క ముఖంలో భయం లేదు. నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకొని పైగట్టు దగ్గరికి లాక్కుపోయింది.

గట్టు కింద నీళ్ళు.

చిటికెన వేలంత ధార. కింద మోకాలిలోతు గుంట. దాని చుట్టూ పసుపు, కుంకుమ, ఎవరో పెట్టిన అరటిపండ్లు.

"నువ్వు ఆనాడే చెప్పినావు కదా తమ్ముడా" అంది. "ఊరంతా చెప్పితిని నేను. నా తమ్ముడు చూపిన చోటే వచ్చిందని."

కాదని చెప్పబోయాను. ఇది అదురుకు తెరుచుకున్న ఊట అక్కా, నాకేమీ తెలియదు, ఆనాడు ఊరికే అన్నాను, అని నాలుక మీదే ఉంది. అప్పటికే జనం వస్తున్నారు. నన్ను వట్టిబాయి అన్నవాళ్ళే. ఊరి పెద్ద తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు, నన్ను చూసి. ఆ మర్యాద మా నాయనకు జరగడం చిన్నప్పుడు చూశాను. నాకు జరగడం అదే మొదలు. నువ్వు నవ్వుకుంటావేమో, నాకు ఏడుపు వచ్చింది. ఇరవై ఆరేళ్ళవాడు ఒక తువ్వాలుకు పడిపోయాడు.

మావాళ్ళలో ఒక ఆచారం ఉంది. నీళ్ళు పడితే, చూసినవాడే మొదటి దోసిలి తాగాలి. ఆ నేలలో కట్టే ఇంటికైనా కొట్టానికైనా మొదటి గుంజ వాడే పాతాలి. వాడు పాతిన చోటే గడప వస్తుంది. వాడు వద్దంటే ఎంత పెద్దమనిషయినా అక్కడ కట్టడు. పెద్దలు ఎందుకు పెట్టారో ఆ రోజుల్లో ఆలోచించలేదు. నీటి దారి తెలిసినవాడికి మనిషి ఎక్కడ ఉండకూడదో కూడా తెలుస్తుందని పెట్టి ఉంటారు. ఆ ఒక్క పని కోసమే ఆ ఆచారం. నా వరకు వచ్చేసరికి అది నాకు జరిగే పూజలా కనిపించింది.

మొదటి దోసిలి తాగాను. పళ్ళ కింద కరకరమంది. మట్టి. నాయన నోటుబుక్కులో, ఇప్పుడు నా ఎడమ చేతి కింద ఉన్న పుటలోనే, ఇలా ఉంది: తేటగా వచ్చే నీరు బండలోంచి వస్తుంది, నమ్మవచ్చు. మట్టి తెచ్చే నీరు తన దారిని తినుకుంటూ వస్తుంది, దాని దగ్గర నిలవరాదు. ఈ వాక్యం నాకు పదేళ్ళప్పుడే నోటికొచ్చు. మింగేసి, "సల్లగా ఉండాది" అన్నాను. జనం చేతులు జోడించారు.

పై ఆదివారం గుంజ పాతడానికి మంచిరోజు చూశారు.

ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ఊరి మలుపులో ఒక ముసలాయన నా కోసం కాచుకొని కూర్చున్నాడు. ఇరుళ మనిషి, కొండజాతివాడు. కొండ మీంచి తేనె తెచ్చి ఊళ్ళలో ఇచ్చి పోయేవాడు, అందరికీ తెలిసినవాడే. పేరు ఎవరమూ అడగలేదు. తేనె తాత అనేవాళ్ళం. నన్ను చెయ్యి ఊపి పిలిచి, మాట్లాడకుండా కొండ వాలు మీదికి తీసుకుపోయాడు. గట్టుకు పైన ఒక గంట నడక కూడా ఉండదు. అక్కడ నేల చీలి ఉంది. వాలుకు అడ్డంగా, పొడుగ్గా, నా కాలు దిగేంత వెడల్పు. గడ్డి వేళ్ళు రెండు ఒడ్డుల మధ్యా తెగి వేలాడుతున్నాయి. చీలికకు కింద ఉన్న చెట్లన్నీ ఒకే పక్కకు, ఊరి వైపుకు, ఒరిగాయి.

ఆయన మాట కొండ తమిళం. "మలై వేర్క్కుదు సామీ" అన్నాడు. కొండకు చెమట పడుతోందని. తర్వాతి మాటలు మన మాటలో రాస్తాను.

"ఆ నీళ్ళు నీళ్ళు కాదు. ఇది కిందికి దిగబోతోంది. ఒక్క మంచి వాన చాలు. కింద ఎవరినీ ఉండనీకు."

"మీరే చెప్పకూడదా?" అన్నాను.

"చెప్పాను. నీళ్ళ మీద ఆశతో మమ్మల్ని తరుముతున్నాడు కొండోడు అని నవ్వారు. నా మాట వినరు. నీళ్ళు నువ్వు చూసినవంటున్నారు, నీ మాట వింటారు. నువ్వు చెప్తావా?"

"చెప్తాను."

"ఇవాళే చెప్పు."

"ఇవాళే చెప్తాను."

నా ముఖం కాసేపు చూశాడు. సరేనని తల ఊపి, తేనె కుండ ఎత్తుకొని పైకి పోయాడు.

దిగేటప్పుడు నిజంగానే చెప్పాలనుకున్నాను. ఈ మాట నువ్వు నమ్మకపోయినా సరే. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను. అక్కా, ఇది మంచి నీరు కాదు. అక్కా, కొండ చీలింది, రా చూపిస్తాను. గట్టు దగ్గరికి వచ్చేసరికి డప్పు వాయిస్తున్నారు. పక్క ఊళ్ళ నుంచి కూడా మనుషులు వచ్చారు, వాళ్ళ పొలాలు చూడమని అడగడానికి. మిల్లు నుంచి మేస్త్రి వచ్చాడు. నన్ను వట్టిబాయి అన్న ఆ మేస్త్రే, చేతిలో పూలమాల. అది నా మెడలో పడింది. వాడిపోతున్న చామంతుల వాసన ఇప్పటికీ నాకు పడదు.

రంగక్క గుంజ తెచ్చి నా ముందు నిలబెట్టింది. పాత ఇంటి వేపచెట్టు కొమ్మే. తోలు తీసి పసుపు పూసింది.

"ఆ ఇల్లు పగిలిపోయుండాది. బిడ్డను పెట్టుకొని ఇంగ ఆడ ఉండలేను" అంది. "యాడ కట్టేది తమ్ముడా? నువ్వు యాడంటే ఆడ."

అడిగింది. అందరి ముందూ అడిగింది. నువ్వు ఎక్కడంటే అక్కడ. కావాలంటే పాత ఇంటికి అవతల, తూర్పున, మెరక ఉంది. చెయ్యి అటు తిప్పితే చాలు. కారణం కూడా చెప్పక్కర్లేదు. ఆచారం నాకు అంత బలం ఇచ్చింది. మరి ఎందుకు తిప్పలేదు? తిప్పితే అడుగుతారు, నీళ్ళు ఇక్కడుంటే ఇల్లు అక్కడెందుకని. కొండ చీలిందంటే, ఈ నీళ్ళు చీలికలోంచి వచ్చినవని తెలుస్తుంది. అప్పుడు నేను చూసిన నీళ్ళేవి? మాల తీసి మేస్త్రి చేతికిచ్చి, రేపు మళ్ళీ వట్టిబాయిగా కార్డింగులోకి పోవాలి. ఇంతే. ఇంత చిన్న కారణం. ముప్పై ఎనిమిదేళ్ళుగా దీనికన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను. దొరకలేదు.

ఊటకు పది అడుగుల దూరంలో గడ్డపార దించాను. కిందటి ఏడు ఇదే నేలలో గుంత తీయాలంటే పొద్దంతా పట్టింది. ఆ రోజు నాలుగు పోట్లకే మోచేతిదాకా దిగింది. గుంతలో పసుపు నీళ్ళు ఊరాయి. గుంజ దించి మట్టి కప్పి కాలితో తొక్కాను. పాదం కింద నేల మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చింది. అందరూ డప్పు వింటున్నారు. నేను మాత్రం పాదం కింది సంగతి వింటున్నాను.

వానలకు ఇంకా రెండు నెలలున్నాయి, ఇల్లు కట్టడానికే నెల పడుతుంది, ఈలోపు మెల్లగా ఒంటరిగా చెప్పి మార్పిస్తాను అనుకున్నాను. తర్వాతి లీవు నాడు చెప్పాలని వెళ్ళాను. గోడలు నడుమెత్తు లేచాయి. అక్క నవ్వుతూ మట్టి తొక్కుతోంది, కొండమ్మ నీళ్ళు మోస్తోంది. చెప్పకుండానే తిరిగొచ్చాను. ఆ తర్వాతి లీవుకు తిరుమంగళం నుంచి పిలుపు వచ్చింది, మా నాయన చూసిన ఊళ్ళే, పోయాను. అక్కడా మాల. మూడో లీవుకు పైకప్పు వేసేశారు. ఊట ధార మణికట్టంత లావయింది. రంగు ఇంకా చిక్కబడింది. "నీళ్ళు పెరిగుండాయి చూడు" అంది అక్క. పెరిగాయి అన్నాను. దేవుడి దయ అన్నాను. ఆ మాట కూడా అన్నాను నేను.

వాన నెల ముందే వచ్చింది.

సాయంత్రం మొదలై రాత్రంతా పడింది, తెల్లవారినా ఆగలేదు. నేను పొద్దుటి షిఫ్టులో ఉన్నాను. మిల్లు రేకుల మీద ఆ చప్పుడు వింటూ పని చేశాను. ఎనిమిది దాటాక గేటు దగ్గర నుంచి మనిషి వచ్చి నా పేరు పిలిచాడు. పేరు పిలిస్తేనే తెలిసిపోయింది. తుడియలూరు దాకా బస్సు, అక్కడి నుంచి పరుగు. మలుపు తిరగ్గానే కొండ మీద పచ్చదనం మధ్యలో ఒక పొడవాటి పసుపు చార కనిపించింది. చార కింద గట్టు లేదు, ఊట లేదు, ఇల్లు లేదు. అక్క ఆవు పాలు పిండుతూ ఉందట. కొండమ్మ పక్కింటివాళ్ళతో పాలు పొయ్యడానికి తుడియలూరు పోయింది, దాంతో బతికింది.

ఇంకొకటి చెప్పాలి. ఆ పాత ఇల్లు, చీలిన గోడ ఇల్లు, దానికి ఏమీ కాలేదు. మెరక పక్కన అట్లాగే నిలబడి ఉంది. ఇప్పటికీ ఉంది.

జనమంతా పారలతో తవ్వుతున్నారు. తేనె తాత కూడా కొండ దిగి వచ్చి తవ్వుతున్నాడు, ఆ వయసులో. నన్ను చూసి పార ఆపాడు. దగ్గరికి వచ్చి అందరి ముందూ ఒకే మాట అడిగాడు.

"సొన్నియా?"

చెప్పావా అని. చుట్టూ పదిమంది ఆగి నా వైపు చూశారు. వాళ్ళలో కొండమ్మ ఉంది, చేతిలో ఖాళీ పాలబిందె.

"చెప్పితిని" అన్నాను. "అక్క వినలే."

తాత నా కళ్ళలోకి చూశాడో, చూడలేదో. నేను తల దించుకున్నాను. ఆయన మళ్ళీ పార తీసుకొని తవ్వడానికి పోయాడు. ఆ తర్వాత ఆయన ఆ ఊరికి తేనె తేలేదని విన్నాను.

మొదటి తప్పుకు భయం, గొప్ప, ఏవో పేర్లు పెట్టవచ్చు. ఈ రెండో దానికి ఏ పేరు పెట్టను? చచ్చిపోయి మట్టి కింద ఉన్న మనిషి మీద, ఆమె నోరు మూతపడ్డాక, ఆమె బిడ్డ వింటుండగా తోశాను. మూడు మాటల్లో. సాయంత్రానికి ఊరంతా అదే మాట. పావం, తమ్ముడు చెప్పినాడంట, ఆమే మొండికేసిందంట. ఎవరూ నన్ను నిందించలేదు. కొండమ్మను నా ఇంటికి తెచ్చుకున్నాను, పెంచాను, పెళ్ళి చేశాను. ఎంత మంచోడో అన్నారు. మళ్ళీ పుల్ల పట్టలేదు. అక్క పోయిన బాధతో విడిచిపెట్టాడు అన్నారు. ఏది చేసినా నా పేరే పెరిగింది.

ఆ గుంజ దొరికింది. విరగలేదు. మట్టిలోంచి తీసినవాళ్ళు కడిగి, "నువ్వు నాటిన గుంజ సామీ, అంత కొండ పడినా విరగలే చూడు" అని నా చేతికిచ్చారు. ఆ చోట గంగమ్మకు చిన్న గుడి కట్టి, గుడి ముందర దాన్ని నాటారు. ఏటేటా ఆ నెలలో పొంగలి పెట్టి దానికి పసుపు పూస్తారు. మొదటి చెయ్యి నాదే. పిలిచి మరీ పూయిస్తారు. ముప్పై ఎనిమిది సార్లు పూశాను. ప్రతిసారీ పాదం కింద నేల లోపలికి పోయి పైకి వస్తుంది. అక్కడ ఇప్పుడు గట్టి బండరాళ్ళు పరిచారు, నాకు తెలుసు. అయినా వస్తుంది. ఇంట్లో నీళ్ళు తాగేటప్పుడు లోటా వెలుతురుకు పట్టుకొని చూస్తాను, రంగు కోసం. మనవరాలు నన్ను వెక్కిరిస్తుంది, తాతా నీళ్ళలో ఏమి సినిమా చూస్తున్నావని. మిల్లు మానేసి ఏళ్ళయినా, దారిన పోతూ ఏ మిల్లు గోడ దగ్గర నేల సన్నగా అదిరినా నిలబడిపోతాను.

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అనేవాడు నాయన. దేవుడెరిగితే చాలదని ఈ మధ్యే తెలిసింది నాకు.

కొండమ్మ కూతురికి ఆడపిల్ల పుట్టింది. పోయిన ముత్తవ్వ పేరు పెట్టడం మాలో పద్ధతి. రంగమ్మ అని పెడదామని అల్లుడివాళ్ళే అన్నారట. పోయిన శుక్రవారం కొండమ్మ నా దగ్గర కూర్చొని, ఆకుకూర ఏరుతూ చెప్పింది. "నేను వద్దంటిని మామా. ఆ పేరు పెడితే ఆ మొండితనం వస్తుంది. నువ్వు అంత చెప్పినా వినకుండా పోయె కదా మా అమ్మ. నన్ను కూడా తలచలే. ఇంగో పేరు నువ్వు చూసి చెప్పు." నేను సరి అన్నాను. మళ్ళీ సరి అన్నాను.

అక్క ప్రాణం పోయింది. పరువు పోయింది. బిడ్డ మనసులో ఉండాల్సిన చోటు పోయింది. ఇప్పుడు పేరు కూడా నా చేత తీయిస్తున్నారు. ఈ ముప్పై ఎనిమిదేళ్ళూ కొండమ్మ తల్లి మీద కోపం పెట్టుకొని బతికింది, తనకన్నా నీళ్ళే ముఖ్యమనుకుందని. ఆ కోపం నాది. నేనిచ్చింది. ఎన్నిసార్లు పక్కన కూర్చొని చూశాను దాన్ని, ఎన్నిసార్లు ఊరుకున్నాను? ఊరుకున్న ప్రతిసారీ ఒక గుంజే కదా.

ఈ కాగితాలు నోటుబుక్కులోనే ఉంచి పోతే నా తర్వాత పాత పేపర్లవాడికి వేస్తారు. అది నాకు రాయడం మొదలు పెట్టినప్పుడే తెలుసు. అందుకే ధైర్యంగా రాశాను. కానీ కొండమ్మకు చదవడం రాకపోతేనేమి, వినడం వచ్చు. ఈ భాష ఆమెది కూడా. వాళ్ళమ్మ ఆమెకు ఇచ్చి పోయిన మాటే ఇది.

ఇవాళ శుక్రవారం. రేపు బిడ్డకు పేరు పెడతారు. పొద్దున్నుంచి రాస్తున్నాను. క్షమించమని అడగను. ఆమె ఏమంటుందో తెలియదు. ఆకుకూర కట్ట అక్కడే పడేసి పోవచ్చు, మళ్ళీ రాకపోవచ్చు. వస్తే బాగుండునని కోరుకోవడానికి కూడా నాకు ఏమి హక్కుంది? ఆమె కోపం ఇంతకాలం తప్పు మనిషి మీద ఉంది, ఇకనైనా నా మీదికి రావాలి.

వీధి తలుపు చప్పుడయింది. చెప్పులు విడుస్తోంది. ఇదంతా మొదటి నుంచి చదవడం మొదలు పెడితే నా నోరు మధ్యలో మళ్ళీ ఏదో సాకు వెతుక్కుంటుంది, నాకు నా సంగతి తెలుసు. అందుకని ముందుగా చదవాల్సింది ఇక్కడ కింద, మేము మాట్లాడుకునే మాటలోనే, పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

కొండమ్మా, కూర్చో. తేనె తాత నాతో చెప్పె. నేను మీ అమ్మతో చెప్పలే. యాడ కట్టేదని ఆమె నన్ను అడిగె. ఆ గుంజ నేనే పాతితిని. మీ అమ్మ మొండిది కాదు. మీ అమ్మ మాట వినింది. నా మాటే వినింది.